తేదీ తప్పితే యాత్ర తప్పినట్టే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అడిగిన దేశాలు వేరు, విషయాలు వేరు. కానీ చాలావాటిలో అసలు ప్రశ్న ఒకటే: ఎప్పుడు వెళ్ళాలి? అందమైన చోటైనా, అరుదైన ఆచారమైనా తన లెక్క ప్రకారం నడుస్తుంది, మన సెలవుల ప్రకారం కాదు. ఆ లెక్కలే ఈ నెల జవాబులు.

ప్రశ్న: పెరూ దేశంలో ఏటా గడ్డితో వంతెన అల్లుతారని చదివాను. గడ్డి మనుషుల బరువు ఎలా ఆపుతుంది? పాత వంతెనను ఏం చేస్తారు? బయటివాళ్ళు వెళ్ళి చూడొచ్చా?

ఆ వంతెన పేరు కేస్వాచాకా. కుస్కో ప్రాంతంలోని కానాస్ ప్రావిన్సులో, అపురీమాక్ నది లోయ మీద, సముద్రమట్టానికి దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. పొడవు 28 మీటర్లకు అటూఇటూ, వెడల్పు మీటరు కంటే కాస్త ఎక్కువ. పూర్వం అక్కడ ఏలిన ఇంకా రాజుల రహదారుల్లో ఇలాంటి తాళ్ళ వంతెనలు ఎన్నో ఉండేవి. వాటిలో ఇప్పటికీ ఏటేటా కొత్తగా అల్లుకుంటున్నది ఇదే.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: బలం గడ్డిలో లేదు, పురిలో ఉంది. కొండల మీద మొలిచే ఇచు జాతి గరుకు గడ్డిని కోసి, నీళ్ళలో నానబెట్టి, రాళ్ళతో దంచుతారు. ఈ దంచడం పైకి చిన్న పనిలా కనిపిస్తుంది కానీ దీన్ని దాటవేస్తే ఎండు గడ్డి పురి తిప్పేటప్పుడు పుటుక్కున తెగుతుంది. మెత్తబడిన గడ్డిని ఆడవాళ్ళు అరచేతుల మధ్య పేని సన్న తాడు చేస్తారు. ప్రతి కుటుంబం తన వంతు తాడు ఇంటి దగ్గరే పేని తేవాలి. అలా వచ్చిన తాళ్ళను పదుల కొద్దీ కలిపి నేల మీద బారుగా పరిచి, ఇంకా లావు తాడుగా మెలిపెడతారు. అలాంటి లావు తాళ్ళు మూడింటిని జడలా అల్లితే మోకు తయారవుతుంది. పేటలను ఒక వైపు తిప్పి, వాటిని కలిపేటప్పుడు ఎదురు వైపు తిప్పడమే ఇందులో కిటుకు. బరువు పడినప్పుడు రెండు పురులూ ఒకదాన్నొకటి బిగిస్తాయి కాబట్టి, మూరెడు పొడవు లేని గడ్డి పోచలు కూడా జారకుండా పట్టుకుంటాయి.

మొత్తం ఆరు మోకులు కావాలి. నాలుగు కాళ్ళ కిందకి, రెండు చేతుల పట్టుకి. రెండు ఒడ్డుల్లోనూ ఉన్న రాతి కట్టడాలకు వాటిని చుట్టి, ఊరంతా కలిసి లాగి బిగిస్తారు. ఎంత బిగిస్తే అంత మేలు. వదులుగా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే నడుమ కుంగి, అడుగు వేసినప్పుడల్లా పక్కకు ఊగుతుంది. ఆ తర్వాత ఆరితేరిన పనివాళ్ళు చెరో ఒడ్డు నుంచి బయలుదేరి, పట్టుతాళ్ళకూ నేలతాళ్ళకూ మధ్య దడిలా సన్న తాడు అల్లుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తారు. చివరగా నడిచే దారిలో పుల్లలూ రెల్లూ అల్లిన చాప పరుస్తారు. పాత వంతెనను కోసి నదిలోకి వదిలేస్తారు. అది ఉత్త గడ్డే కనుక కుళ్ళి నీళ్ళలో కలిసిపోతుంది.

హుయించిరి, చౌపిబండ, చొక్కైహువా, కొల్లానా కెహువే అనే నాలుగు సమాజాలవాళ్ళు ఈ పని చేస్తారు. జూన్ రెండో వారంలో మూడు రోజులు పని, నాలుగో రోజు పండుగ. మొదలుపెట్టే ముందు భూదేవి పాచామామాకు నైవేద్యం పెడతారు. వంతెన మీద అల్లేది మగవాళ్ళే. తాళ్ళు పేనే ఆడవాళ్ళు లోయ అంచుకు రారు. బయటివాళ్ళు ఆ గీత దాటి ఫొటోల కోసం పని మధ్యలోకి దూరితే అక్కడ ఎవరికీ నచ్చదు. యునెస్కో ఈ విద్యను 2013లో తన జాబితాలో చేర్చింది.

ఏటా అల్లడం ఆచారం కోసమేనా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే 2020 దాన్ని తీర్చేసింది. కరోనా వల్ల ఆ ఏడు అల్లలేదు. 2021 మార్చిలో వంతెన తెగి పడిపోయింది. ఆ జూన్‌లో మళ్ళీ కట్టుకున్నారు. వానకు తడిసి, కొండల ఎండకు పెళుసెక్కే గడ్డికి ఏడాదే ఆయుష్షు.

వెళ్ళాలనుకుంటే కుస్కో నుంచి రోడ్డు మీద మూడు నాలుగు గంటలు. కుస్కోలో కనీసం రెండు రోజులు ఆగి, ఎత్తుకు ఒళ్ళు అలవాటయ్యాకే బయలుదేరండి. వంతెన నడవడానికి అన్నిటికన్నా బాగుండేది పండుగ అయిన మొదటి వారాల్లో. మరుసటి ఏప్రిల్, మే నాటికి అది చూడడానికే మంచిది.

ప్రశ్న: జపాన్‌లో చెర్రీ పూలు చూడాలని మా ఆశ. ఏప్రిల్ మొదటి వారానికి టోక్యో టికెట్ కొంటే సరిపోతుందా?

సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. పూలు విచ్చుకోవడం మొదలైన వారానికి నిండుగా పూస్తాయి. ఆ నిండుదనం మరో వారం నిలిస్తే అదృష్టం. మధ్యలో ఒక్క గాలివాన చాలు, రేకులన్నీ నేల మీదే.

అంచనా ఎలా కడతారో తెలిస్తే మీ ప్లాను మీరే వేసుకోవచ్చు. టోక్యోకు కొలమానం యాసుకుని మందిరం ఆవరణలోని ఒక చెట్టు. వాతావరణ సంస్థ మనిషి వచ్చి చూసి, అందులో అయిదారు పూలు విచ్చుకుంటే 'పూత మొదలైంది' అని ప్రకటిస్తాడు. 80 శాతం విచ్చుకుంటే నిండు పూత. వేళ్ళ మీద లెక్క ఇంకొకటి ఉంది. ఫిబ్రవరి 1 నుంచి ప్రతి రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతను కూడుకుంటూ పోవాలి. మొత్తం 600 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి టోక్యోలో మొదటి పూలు కనిపిస్తాయి. ఇది మోటు లెక్కే, అయినా చాలా ఏళ్ళు రెండు మూడు రోజుల తేడాలో నిలుస్తుంది. ఊరంతా ఒకేసారి పూయడానికి కారణం, నగరాల్లో నాటినవి దాదాపు అన్నీ సోమెయ్ యోషినో అనే ఒకే రకం కావడం. అవి గింజ మొక్కలు కావు, అంటు మొక్కలు. జన్యువుల లెక్కన ఒకే చెట్టుకు నకళ్ళు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 'చలి తక్కువగా ఉంది కదా, ముందే పూస్తాయి' అనుకుంటారు. మొగ్గ నిద్ర లేవాలంటే ముందు దానికి సరిపడా చలి తగలాలి, ఆ తర్వాతే వెచ్చదనం. చలికాలం మరీ మెత్తగా గడిస్తే దక్షిణాది ఊళ్ళలో పూత ఆలస్యమవుతుంది కూడా.

అందుకని ఒకే ఊరికి కట్టుబడకండి. పూత దక్షిణాన క్యూషూలో మార్చి మూడు నాలుగు వారాల్లో మొదలై, ఉత్తరానికి పాకుతూ మే మొదట్లో హొక్కైడో చేరుతుంది. టోక్యోలో రాలిపోతే అవొమొరి ప్రాంతంలోని హిరొసాకి కోటకు వెళ్ళొచ్చు, అక్కడ మామూలుగా ఏప్రిల్ చివరి వారం. అక్కడ రాలిన రేకులు కందకం నిండా పరుచుకుని నీళ్ళే కనిపించవు. జపనీయులు దాన్ని 'పూల తెప్ప' అంటారు. కాబట్టి హిరొసాకికి కాస్త ఆలస్యంగా వెళ్ళినా నష్టం లేదు. ఉత్తరానికి పోలేకపోతే ఎత్తుకు పోండి. నారా ప్రాంతంలోని యోషినో కొండ మీద దాదాపు 30,000 చెట్లు, కింది వనం, నడిమి వనం, పై వనం, లోపలి వనం అని నాలుగు అంచెల్లో ఉంటాయి. అడుగున రాలుతుంటే పైన ఇంకా మొగ్గలే. పైగా అక్కడివి ఎక్కువగా అడవి రకం, పూతో పాటే రాగి రంగు చిగురు కూడా వస్తుంది.

చెట్టు కింద కూర్చోవడం ఆచారమే. వేళ్ళ మీద గుంపుగా తిరగడం మాత్రం కాదు. మన్ను గట్టిపడి వేళ్ళకు గాలి అందక చెట్టు నీరసిస్తుంది. కొమ్మ వంచి ఫొటో దిగడం అంతకంటే చెడ్డపని. చెర్రీ కొమ్మ విరిగిన చోట కుళ్ళు తేలిగ్గా పడుతుంది.

ప్రశ్న: ఐస్‌లాండ్‌వాళ్ళకు ఇంటిపేర్లు లేవంటారు, నిజమేనా?

చాలా మట్టుకు నిజమే. తండ్రి పేరు గున్నార్ అయితే కొడుకు గున్నార్సన్, కూతురు గున్నార్స్‌డోత్తిర్. అంటే ఒకే ఇంట్లో తల్లి, తండ్రి, కొడుకు, కూతురు నలుగురికీ నాలుగు వేర్వేరు చివరి పేర్లు ఉండొచ్చు. తల్లి పేరు పెట్టుకోవడానికీ వీలుంది. పెళ్ళయ్యాక ఆడపిల్ల పేరు మారదు, ఆమె మామగారి కూతురు అయిపోదు కదా! టెలిఫోన్ పుస్తకం అచ్చయిన రోజుల్లో అందులో వరస మొదటి పేరును బట్టే ఉండేది. దేశ ప్రధానినైనా మొదటి పేరుతోనే పిలుస్తారు, అది చనువు కాదు, మర్యాదే. హోటల్లో బుకింగు వెతికించుకునేటప్పుడు మొదటి పేరు చెప్పండి, పని తొందరగా అవుతుంది. కొత్త పేరు పిల్లలకు పెట్టాలంటే అది ఐస్‌లాండిక్ వ్యాకరణంలో ఇమడాలి. ఆమోదించిన పట్టికలో లేని పేర్లను తేల్చడానికి ఒక కమిటీయే ఉంది.

ప్రశ్న: ఇథియోపియాలో నెలలు 13 అట, గడియారం కూడా వేరట. లాలిబెలా రాతి చర్చిలు చూడాలని ఉంది. తేదీలు ఎలా సరిచూసుకోవాలి?

ముందు గడియారం, ఎందుకంటే బస్సు తప్పేది దాని వల్లే. అక్కడ రోజు అర్ధరాత్రి మొదలవదు, పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మనం ఉదయం 7 అన్నది వాళ్ళకు పగలు ఒంటిగంట. మధ్యాహ్నం 12 వాళ్ళకు 6. సాయంత్రం 7 మళ్ళీ రాత్రి ఒంటిగంట. మన గంటలోంచి 6 తీసేయండి, తీయడానికి చాలకపోతే 6 కలపండి. నిమిషాల్లో తేడా లేదు. భూమధ్యరేఖకు దగ్గర దేశం కనుక ఏడాది పొడుగునా సూర్యుడు ఉదయించే వేళ పెద్దగా మారదు, అందుకే ఈ లెక్క అక్కడ చక్కగా కుదిరింది. ఉత్తర యూరప్‌లో అయితే ఒక్క నెల కూడా నిలవదు.

విమాన టికెట్ మీద ఉండేది మనకు తెలిసిన టైమే. ఊరి బస్సు, జీపు డ్రైవరు, చిన్న హోటలు చెప్పేది స్థానిక టైము. 'రేపు 11కి బయలుదేరతాం' అన్నారంటే తెల్లవారుజాము 5 గంటలకు! ప్రతిసారీ 'ఇథియోపియా టైమా, విదేశీ టైమా' అని అడగండి. ఆ ప్రశ్న అక్కడ అందరికీ మామూలే.

ఇక నెలలు. 30 రోజుల నెలలు 12. మిగిలిన 5 రోజులు పగుమే అనే 13వ నెల, నాలుగేళ్ళకోసారి దానికి 6 రోజులు. కొత్త సంవత్సరం సెప్టెంబర్ 11న వస్తుంది. మన లీపు సంవత్సరానికి ముందు ఏడు మాత్రం 12న. వానలు వెనకబట్టి కొండలన్నీ పసుప్పచ్చ పూలతో నిండే సమయం అది. సంవత్సర సంఖ్య మన కంటే 7 లేదా 8 తక్కువ. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా 7, జనవరి నుంచి సెప్టెంబర్ దాకా 8. అందుకే వాళ్ళు 2000వ సంవత్సరాన్ని 2007 సెప్టెంబర్ 12న పండుగ చేసుకున్నారు. దేశం దాటకుండానే వయసు తగ్గించుకోవాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు లేదు.

లాలిబెలాలో చర్చిలు 11. వాటిని కట్టలేదు, కొండలోంచి చెక్కారు. పేరున్న బేతె గియోర్గిస్ సంగతే చూడండి: ముందు నేలలో చుట్టూ కందకం తవ్వి, నడుమ మిగిలిన రాతి దిమ్మెను పై నుంచి కిందికి శిలువ ఆకారంలో చెక్కుకుంటూ వచ్చి, తర్వాత లోపల తొలిచారు. పైకప్పు మొదట, గడప చివర. తప్పు కొడితే అతికించడానికి ఏమీ ఉండదు. ఉదయం వెలుగు ఏటవాలుగా పడేటప్పుడు అంచు మీద నిలబడి చూస్తే శిలువ గీతలు బాగా కనిపిస్తాయి.

జనవరి 7 క్రిస్మస్ నాడు యాత్రికులు తెల్లని వస్త్రాల్లో వేలకొద్దీ వస్తారు. ఆ రద్దీలో గది దొరకడం కష్టం. ఆచారం చూడాలంటే అప్పుడే వెళ్ళాలి. రాతి పని తీరిగ్గా చూడాలంటే అది తప్ప అక్టోబర్ నుంచి మార్చి మధ్య ఏ రోజైనా మంచిదే. చెప్పులు బయటే విడవాలి, లోపల పాత తివాచీల్లో గోమార్లు ఉంటాయి, మందపాటి మేజోళ్ళు వేసుకోండి. సొరంగ దారుల కోసం టార్చి తప్పదు. ఆ ప్రాంతంలో భద్రతా పరిస్థితి ఎలా ఉందో టికెట్ కొనే ముందు చూసుకోండి, కొన్నాక కాదు.

ప్రశ్న: థాయిలాండ్ సొంక్రాన్ నీళ్ళ పండుగలో ఎవరి మీదైనా నీళ్ళు పోయొచ్చా?

పోయకూడదు. బౌద్ధ భిక్షువులు, ముసలివాళ్ళు, పసిపిల్లలు, బండి నడిపేవాళ్ళు, ఈ నలుగురినీ వదిలేయాలి. చివరిది మర్యాద కోసం కాదు, ప్రాణాల కోసం. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా జరిగే ఆ పండుగ వారంలో రోడ్డు ప్రమాదాలు బాగా ఎక్కువ. సొంక్రాన్ అన్న మాట సంస్కృత సంక్రాంతే, సూర్యుడు మేషంలోకి మారడం. అసలు ఆచారం తుపాకీలతో చిమ్మడం కాదు, పూలు వేసిన నీళ్ళను పెద్దల అరచేతుల్లో కొంచెంగా పోసి దీవెన అడగడం. అది చూడాలంటే వీధుల్లోకి కాదు, పొద్దున్నే గుడికి వెళ్ళండి.

ప్రశ్న: నెదర్లాండ్స్‌లో కాలువలు గడ్డకడితే 200 కిలోమీటర్లు స్కేటింగ్ చేస్తారట. అది ఏ నెలలో?

నెల చెప్పగలిగితే అది ఎల్ఫ్‌స్టేడెన్‌టోఖ్ట్ ఎందుకవుతుంది! పదకొండు ఊళ్ళ యాత్ర అని ఆ పేరుకు అర్థం. ఫ్రీస్లాండ్‌లోని 11 పాత పట్టణాలను కాలువలు, చెరువుల మీదుగా ఒకే రోజులో చుట్టి రావాలి. మొదలూ తుదా లేవార్డెన్‌లోనే. దూరం దాదాపు 200 కిలోమీటర్లు. ప్రతి ఊళ్ళో కార్డు మీద ముద్ర వేయించుకుని, అర్ధరాత్రి లోపు తిరిగి చేరితే చిన్న శిలువ పతకం ఇస్తారు. 1909లో మొదలైంది. ఇప్పటిదాకా జరిగింది 15 సార్లే. చివరిది 1997 జనవరి 4న. అప్పటి నుంచి ప్రతి చలికాలం దేశమంతా ఎదురు చూస్తూనే ఉంది.

అడ్డు ఒక్క షరతే: దారి పొడుగునా మంచు 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. చలి రెండు మూడు రోజులు పడితే పిల్లలు ఆడుకునే మంచు వస్తుంది. వేలమంది వరసగా నడిచే మంచు రావాలంటే గాలి లేని కటిక చలి రెండు వారాల దాకా నిలవాలి. గాలి వీస్తే నీళ్ళు కలబడుతూ అడుగు వెచ్చదనం పైకి వస్తుంది. ముందుగానే హిమపాతం పడితే ఇంకా చెరుపు. మంచు పలక మీద అది దుప్పటిలా కప్పేసి కింద గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేస్తుంది. బాతుల గుంపులు ఒకే చోట ఈదుతూ గడ్డకట్టనివ్వని మడుగులు వేరే. అన్నిటికన్నా బలహీనమైన చోట్లు వంతెనల కింద. అక్కడ కాలువ ఇరుకై నీటి వడి పెరుగుతుంది, పైగా రాత్రి నీటి వేడి ఆకాశంలోకి పోకుండా వంతెన అడ్డుపడుతుంది. అలాంటి చోట స్కేట్లు విప్పకుండానే గట్టెక్కి, పరిచిన తివాచీల మీద టకటకమని నడిచి, మళ్ళీ మంచు మీదికి దిగుతారు. దానికి 'క్లూనెన్' అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. లోపలి భాగంలో మంచు పలకలు కోసి తెచ్చి, పల్చని చోట అతికించిన సందర్భాలూ ఉన్నాయి.

1963 నాటిది నరకయాతన. ఎదురుగాలి, పేరుకున్న మంచుపొడి, పగుళ్ళు కనబడని దారి. దాదాపు పది వేలమంది బయలుదేరితే యాత్ర పూర్తి చేసినవాళ్ళు 69 మంది. 1986లో నెదర్లాండ్స్ యువరాజు (ఇప్పటి రాజు విల్లెమ్ అలెగ్జాండర్) మారుపేరుతో పాల్గొని పూర్తి చేశాడు.

చూడడానికి ముందుగా టికెట్ కొనే అవకాశమే లేదు, ప్రకటనకూ పోటీకీ మధ్య రెండు మూడు రోజులే ఉంటాయి. ఆ అనుభవం తప్పక కావాలంటే ఆస్ట్రియాలోని వైసెన్‌సే సరస్సుకు వెళ్ళండి. 1989 నుంచి డచ్‌వాళ్ళే అక్కడ 200 కిలోమీటర్ల బదులు పోటీ నడుపుతున్నారు. అదే 11 ఊళ్ళను మే, జూన్ నెలల్లో పెంటెకోస్ట్ అనే క్రైస్తవ పండుగ మరునాటి సోమవారం సైకిళ్ళ మీద చుట్టే యాత్ర కూడా ఉంది, దానికి మంచుతో పని లేదు.

ప్రశ్న: బొలీవియా ఉయుని ఉప్పు మైదానం అద్దంలా కనిపించే ఫొటోలు చూశాం. ఆగస్టులో వెళ్తున్నాం, ఆ దృశ్యం దొరుకుతుందా?

దొరకదు. అద్దం కావాలంటే జనవరి నుంచి మార్చి లోపు వెళ్ళాలి. వానకాలంలో ఉప్పు పలక మీద కొన్ని సెంటీమీటర్ల నీళ్ళు నిలుస్తాయి. 10,000 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ మైదానం మొత్తంలో ఎత్తుపల్లాల తేడా ఒక్క మీటరు కూడా ఉండదు కాబట్టి ఆ నీటిపొర అద్దమవుతుంది. ఉపగ్రహాల ఎత్తు కొలిచే పరికరాలను సరిచూసుకోవడానికి కూడా ఆ చదునునే వాడతారు. అయితే గాలి లేని వేళే అద్దం. తెల్లవారుజామున, పొద్దు గూకేటప్పుడు అవకాశం ఎక్కువ, మధ్యాహ్నం గాలికి అలలు లేస్తాయి.

ఆగస్టులో మీకు దొరికేది ఇంకొకటి, అదీ తక్కువది కాదు. ఎండిన ఉప్పు మీద కనుచూపు మేర అరుగుల్లా లేచిన అంచులతో షడ్భుజాలు. మైదానం నడుమ పెద్ద పెద్ద కాక్టస్‌లతో నిండిన ఇంకావాసి దిబ్బకు జీపు నేరుగా పోతుంది. వానకాలంలో నీళ్ళు ఎక్కువైతే ఆ దారి మూసుకుపోతుంది. అంటే అద్దం చూస్తే దిబ్బ ఉండకపోవచ్చు, దిబ్బ చూస్తే అద్దం ఉండదు.

ఎత్తు 3,650 మీటర్ల పైమాటే. ఎండ కింది నుంచి కూడా తగులుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున చర్మం కాలి ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువ, అక్కడ కూడా క్రీము రాయండి. నల్ల కళ్ళద్దాలు లేకుండా గంట తిరిగితే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. ఆగస్టు రాత్రుళ్ళు సున్నా కంటే చాలా కిందికి పోతాయి, ఫోను బ్యాటరీని ఒంటికి ఆనించి పెట్టుకోండి. కెమెరా స్టాండు కాళ్ళను ఆ రోజే మంచినీళ్ళతో కడగకపోతే ఉప్పుకు మరలు పట్టేస్తాయి.

ప్రశ్న: ఫిన్లాండ్ సౌనాలో, అంటే ఆవిరి స్నానపు గదిలో, ఆకుల కట్టతో ఎందుకు కొట్టుకుంటారు?

కొట్టుకోవడం కాదు, తట్టుకోవడం. పై బల్ల దగ్గర వేడి 80 నుంచి 100 డిగ్రీల దాకా ఉంటుంది. ఆకులు కదిలినప్పుడు ఆ వేడి గాలి ఒంటికి తగిలి రక్తం చర్మం దాకా పరుగెత్తుతుంది, బిర్చ్ ఆకు వాసన బోనసు. కట్ట తయారీ వేసవిలో పగళ్ళు బాగా సాగే జూన్ చివరి రోజుల్లో. అంతకు ముందు కోస్తే ఆకు లేతది, రెండు దెబ్బలకే రాలుతుంది. అరమీటరు రెమ్మలు తీసుకుని, ఆకుల నునుపు వైపు బయటికి వచ్చేలా పేర్చి, పిడి దగ్గర ఆకులు తీసేసి, మెలితిప్పిన బిర్చ్ పుల్లతోనే గట్టిగా కడతారు. చలికాలానికి ఎండబెట్టో ఫ్రీజర్లో పెట్టో దాచుకుంటారు. ఎండుదాన్ని నేరుగా మరిగే నీళ్ళలో ముంచితే ఆకు ఊడిపోతుంది. ముందు గోరువెచ్చని నీళ్ళు, ఆ తర్వాతే వేడి నీళ్ళు. దేశానికి పడమట దీని పేరు వీహ్తా, తూర్పున వాస్తా. ఈ మాట మీద అక్కడ జరిగే వాదనలకు అంతు లేదు, మీరు తల దూర్చకండి.

కొత్తవాళ్ళు చేసే తప్పు నేరుగా పై బల్ల ఎక్కడం. వేడి పైకి చేరుతుంది, కింది బల్లతో మొదలుపెట్టండి. పొయ్యి మీది వేడి రాళ్ళ మీద నీళ్ళు గరిటెడేసి పోయాలి, బకెట్ కుమ్మరిస్తే రాళ్ళు చల్లారి ఆవిరికి బదులు తేమ మిగులుతుంది. కింద తువ్వాలు పరుచుకుని కూర్చోవడం మర్యాద. ముందుగా మద్యం తాగి లోపలికి వెళ్ళొద్దు. 55 లక్షల జనాభాకు 30 లక్షలకు పైగా సౌనాలున్న దేశం అది. ఈ సంస్కృతి 2020లో యునెస్కో జాబితాకెక్కింది. పొగగొట్టం లేని పాతకాలపు పొగ సౌనా దొరికితే వదలకండి. గంటల తరబడి కట్టెలు మండించి, మంట ఆరాక పొగను బయటికి పంపి, అప్పుడే మనుషులు లోపలికి వెళ్తారు. మసి గోడలకు ఆనితే చొక్కా సంగతి అంతే!

ప్రశ్న: జపాన్‌లో 20 ఏళ్ళకోసారి పడగొట్టి మళ్ళీ కట్టే గుడి ఉందట. అలాంటప్పుడు అది పాతదెలా అవుతుంది?

ఈసె మందిరం గురించి అడుగుతున్నారు. మొదటిసారి మార్చింది 690లో. చివరిది 2013లో, అది 62వది. అంతర్యుద్ధాల కాలంలో నూరేళ్ళ పైచిలుకు ఆగిపోయినా మళ్ళీ అందుకున్నారు. రాబోయేది 2033లో. కొత్త గుడి కట్టాకే దేవతను అందులోకి తరలిస్తారు, అందుకోసం పక్కపక్కనే సరిసమానమైన రెండు స్థలాలున్నాయి, వాటిలో వంతులవారీగా కడతారు.

స్తంభాలకు రాతి పునాది ఉండదు, హినోకి (జపాన్ సైప్రస్) దుంగలను నేరుగా నేలలో పాతుతారు. కప్పు గడ్డిది. మొదళ్ళు తేమకు చీకుతాయి, కాబట్టి 20 ఏళ్ళు కొయ్యకు సరిపడిన గడువు. మనిషికీ అదే సరిపడిన గడువు. ఇరవైల్లో నేర్చుకున్న వడ్రంగి నలభైల్లో చేసి, అరవైల్లో నేర్పించగలడు. మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే: అక్కడ పాతది కొయ్య కాదు, చేతి పని. గుడితో పాటు దేవతకు అర్పించే కత్తులు, బట్టలు, పెట్టెలు వంటి 714 రకాల వస్తువులనూ కొత్తగా చేయిస్తారు. వృత్తి వదిలేసినవాళ్ళు పెరిగిపోతున్న కాలంలో అదే అన్నిటికన్నా కష్టం.

పాత కొయ్య పారేయరు. గుడి దూలాన్ని మోసిన రెండు పెద్ద స్తంభాలు ఉజి వంతెన రెండు కొసల తోరణాలవుతాయి. మరో 20 ఏళ్ళు అక్కడ నిలిచాక కువానా, సెకి అనే పాత బాటసారి మజిలీల్లో తోరణాలుగా నిలబడతాయి. మిగతాది ఇతర మందిరాలకు వెళ్తుంది.

ముందే తెలుసుకోండి: లోపలి గుడి మీకు కనబడదు. వరసగా నాలుగు కంచెల వెనక గడ్డి కప్పు అంచు, కొప్పు దుంగలు మాత్రమే కనిపిస్తాయి. మెట్ల దగ్గర నుంచి ఫొటోలు నిషేధం. ఖాళీగా ఉన్న పక్క స్థలాన్ని తప్పకుండా చూడండి, తెల్లరాళ్ళ మధ్య చిన్న గుడిసె ఒకటి కనిపిస్తుంది. అది నడిమి స్తంభం పాతే చోటుకు కాపు. పాతదీ కొత్తదీ పక్కపక్కన చూడాలంటే దేవత తరలింపు జరిగిన తర్వాతి కొద్ది నెలల్లో వెళ్ళాలి, ఆ తర్వాత పాతదాన్ని విప్పేస్తారు. బయటి మందిరం గెకూకు ముందు, లోపలి నైకూకు తర్వాత వెళ్ళడం అక్కడి వరస.

ప్రశ్న: నార్వేలో ఒక ఊరివాళ్ళు అద్దాలతో ఎండ తెచ్చుకుంటారని మా అబ్బాయి చెబితే నమ్మలేదు. నిజమా?

అబ్బాయి చెప్పింది నిజమే. ఊరి పేరు ర్యూకాన్. రెండు కొండల నడుమ లోతైన లోయలో ఉండడం వల్ల సెప్టెంబర్ చివరి నుంచి మార్చి దాకా నేరుగా ఎండ పడదు. 2013లో ఉత్తరపు కొండ మీద, ఊరికి 450 మీటర్ల ఎత్తున, ఒక్కోటి 17 చదరపు మీటర్ల అద్దాలు మూడు పెట్టారు. కంప్యూటరు వాటిని సూర్యుడి వెంట తిప్పుతూ వెలుగును ఊరి కూడలిలో పడేలా చేస్తుంది. ఊరంతా వెలగదు, దాదాపు 600 చదరపు మీటర్ల మేర మాత్రమే. జనం వచ్చి ఆ వెలుగు ముక్కలో కుర్చీలు వేసుకు కూర్చుంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు, నూరేళ్ళ కిందటిదే. అప్పట్లో అది కుదరక, ఊరి కార్మికులు ఎండ కోసం కొండెక్కడానికి 1928లో తీగల బండి కట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. అద్దాల వెలుగు చూడాలంటే మేఘాలు లేని చలికాలపు రోజున, మధ్యాహ్నం వేళ కూడలిలో ఉండాలి. జూలైలో వెళ్తే సూర్యుడే నేరుగా వస్తాడు, అద్దాలతో పని ఉండదు.